చందా ఫోన్లో వచ్చింది, ఇచ్చిందెవరు?

(చిన్న స్వచ్ఛంద సంస్థల నిర్వాహకుల కోసం చేసిన ప్రసంగానికి అక్షరరూపం. సభలో వచ్చిన ప్రశ్నలు, వాటి జవాబులు చివర ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వృద్ధాశ్రమాలు నడిపేవారు, పిల్లల వసతి గృహాలు చూసేవారు, రక్తదాన బృందాలవారు, ఊరి గ్రంథాలయం నిలబెట్టినవారు, అందరూ వచ్చారు. లెక్కలు రాసేవారు కాస్త ముందు వరసలోకి రండి. ఇవాళ్టి మాటల్లో సగం మీకోసమే.

మీ సంస్థ బ్యాంకు స్టేట్‌మెంటు ఫోన్‌లో తెరవండి. యూపీఐ అని మొదలయ్యే వరసలు చూడండి. 12 అంకెల నంబరు ఒకటి, సగంలో తెగిపోయిన పేరు ఒకటి, పక్కన రూ.500. ఈ రూ.500 ఇచ్చిందెవరు? ఏ ఊరివారు? ఎవరి జ్ఞాపకార్థం ఇచ్చారు? మళ్లీ ఇవ్వమని అడగాలంటే ఎవరికి ఫోన్ చేయాలి? నెలలో అలాంటి వరసలు 60 ఉంటే, జవాబు తెలిసినవి ఎన్ని?

రసీదు పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన రోజుల్లో డబ్బు తక్కువే వచ్చేది. అయినా కౌంటర్‌ఫాయిల్ మీద పేరు, ఊరు, తేదీ ఉండేవి. ఆ పుస్తకాలు దులిపి చూస్తే 20 ఏళ్ల కిందటి దాత కూడా దొరుకుతాడు. ఫోన్ వచ్చాక డబ్బు రావడం తేలికైంది, మనిషి జారిపోతున్నాడు. ఇవాళ నేను చెప్పేదంతా ఆ మనిషిని నిలుపుకోవడం గురించే.

ముందు ఖాతా సంగతి. చాలా చిన్న సంస్థల్లో ప్రెసిడెంటు గారి సొంత ఫోన్‌పే నంబరే కరపత్రం మీద ఉంటుంది. సౌకర్యమే, కాదనను. కానీ ఆ డబ్బు పడేది ఆయన సొంత ఖాతాలో. రేపు ఆదాయపు పన్ను వాళ్లు అడిగితే అది సంస్థ డబ్బని రుజువు చేసే భారం ఆయన మీద పడుతుంది. సంస్థ ఖాతాకు రాని డబ్బుకు 80జి (విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు ఇచ్చే సెక్షన్) రసీదు ఇస్తే దాతను కూడా ఇరకాటంలో పెట్టినట్టే. కాబట్టి ట్రస్టు లేదా సొసైటీ పేరుతో ఉన్న ఖాతాకే క్యూఆర్ తీసుకోండి. బ్యాంకుకు వెళ్లి మర్చంట్ క్యూఆర్ కావాలని అడగండి. రిజిస్ట్రేషన్ పత్రం, సంస్థ పాన్, కమిటీ తీర్మానం, కొట్టేసిన చెక్కు పట్టుకెళ్లండి. వ్యాపార వర్గం ఏదని అడుగుతారు. సేవాసంస్థల కోడ్ 8398, మత సంస్థలది 8661. కిరాణా కొట్టు అని వేసి ఇస్తే ఒప్పుకోకండి. 2020 జనవరి 1 నుంచి బ్యాంకు ఖాతా నుంచి చేసే యూపీఐ చెల్లింపుల మీద మర్చంట్ చార్జీ సున్నా. కాబట్టి క్యూఆర్ పెడితే కమిషన్ పోతుందేమోనన్న భయం అక్కర్లేదు.

స్కాన్ చేసిన వెంటనే దాత ఫోన్‌లో ఒక పేరు కనిపిస్తుంది. అది బ్యాంకులో నమోదైన పేరు. ఊళ్లో మిమ్మల్ని 'అమ్మ ఒడి ఆశ్రమం' అని పిలుస్తారనుకోండి. తెర మీద ఎవరో తాతగారి పేరుతో ఉన్న మెమోరియల్ ట్రస్టు కనబడితే దాత చేయి ఆగిపోతుంది. మోసమేమో అనుకుని వెనక్కి వెళ్లిపోతాడు, మీకు ఆ సంగతే తెలియదు. అందుకే క్యూఆర్ కింద ఒక వాక్యం అచ్చు వేయించండి: 'స్కాన్ చేస్తే ఈ పేరు కనిపిస్తుంది' అని, కింద ఆ పేరు అక్షరం పొల్లుపోకుండా.

ఆ ఖాతాకు కట్టిన ఫోన్ నంబరు కూడా సంస్థదే అయి ఉండాలి. కార్యకర్త సొంత సిమ్ మీద ఖాతా, వాట్సాప్, ఓటీపీలు అన్నీ నడిపించి, ఆయన వేరే ఊరు వెళ్లిపోయాక తలపట్టుకున్న సంస్థలు ఎన్నో. సిమ్ సంస్థ పేరు మీద తీసుకోండి, ఆశ్రమం ఆఫీసులోనే ఒక ఫోన్‌లో ఉంచండి, రీచార్జి తేదీ గోడ మీద క్యాలెండర్లో రాయండి. వాడకుండా వదిలేసిన నంబరు రద్దవుతుంది, కొన్నాళ్లకు కంపెనీ దాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తుంది. అప్పుడు మీ దాతలు పెట్టే మెసేజ్‌లు ఎవరో కొత్త మనిషికి పోతాయి.

క్యూఆర్ అచ్చు వేయించడంలో చిన్న లెక్క ఉంది. ఎంత దూరం నుంచి స్కాన్ చేస్తారో అందులో పదో వంతు కొలత ఉండాలి. బల్ల మీద పెట్టేదైతే 4 సెంటీమీటర్లు చాలు. సభలో 2 మీటర్ల దూరం నుంచి తీయాలంటే 20 సెంటీమీటర్లు కావాలి. మెరిసే లామినేషన్ వద్దు, ట్యూబులైటు వెలుగు పడితే కెమెరా పట్టుకోదు. చుట్టూ తెల్ల అంచు వదలమని ప్రింటర్‌కు గట్టిగా చెప్పండి. ఫ్లెక్సీ వాళ్లు అందంగా ఉంటుందని ఆ అంచు మీద పూలు వేసేస్తారు, అప్పుడు కోడ్ పనిచేయదు.

వాట్సాప్‌లో క్యూఆర్ బొమ్మ పంపడం ఇంకో పొరపాటు. ఆ బొమ్మ దాత ఫోన్‌లోనే ఉంది, ఆ ఫోన్ తన తెరను తాను ఎలా స్కాన్ చేస్తుంది? బొమ్మ సేవ్ చేసి, చెల్లింపు యాప్ తెరిచి, గ్యాలరీ నుంచి ఎక్కించాలి. ఇదంతా 65 ఏళ్ల రిటైర్డ్ టీచరు గారు చేయాలి. పైగా గ్యాలరీ నుంచి తెరిచిన క్యూఆర్‌కు కొన్ని యాప్‌లు రూ.2,000 దాటనివ్వవు. కాబట్టి ఫోన్‌కు పంపేటప్పుడు యూపీఐ ఐడీని అక్షరాల్లో, కాపీ చేసుకోవడానికి వీలుగా, విడిగా ఒక మెసేజ్‌లో పంపండి. చెల్లింపు లింకు ఉంటే ఇంకా మంచిది. పేరు, మొత్తం, ఏ పనికోసం అన్న గమనిక ముందే నింపి ఉంటాయి కనుక దాత పిన్ కొడితే చాలు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. డబ్బు కొట్టిన తర్వాతి రెండు నిమిషాలు. దాత మనసు అప్పుడే మన వైపు తిరిగి ఉంటుంది. పేరు, చిరునామా, పాన్ అడగడానికి అంతకన్నా మంచి సమయం లేదు. క్యూఆర్ పక్కనే పెద్ద అక్షరాలతో ఇలా ఉండాలి: 'చెల్లించాక స్క్రీన్‌షాట్ ఈ వాట్సాప్ నంబరుకు పంపండి, రసీదు వస్తుంది.' స్క్రీన్‌షాట్ రాగానే నాలుగు వివరాలు అడగండి: పాన్ కార్డు మీద ఉన్నట్టుగా పేరు, పిన్‌కోడ్‌తో చిరునామా, పాన్ నంబరు, ఈ విరాళం ఎవరి పేరున లేదా ఏ సందర్భానికి. అంతకుమించి అడగకండి. పుట్టిన తేదీ, ఉద్యోగం, ఈమెయిలు అంటూ పది గడులున్న ఫారం పంపితే సగంమంది మధ్యలో వదిలేస్తారు.

స్క్రీన్‌షాట్ చూసి రసీదు రాసేయకండి. నకిలీ స్క్రీన్‌షాట్ తయారు చేసే యాప్‌లు ఉన్నాయి. అందులోని 12 అంకెల యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపు గుర్తింపు నంబరు) మీ స్టేట్‌మెంటులో ఉందో లేదో చూసుకోండి, ఉంటేనే రసీదు.

పాన్‌లో తప్పులు ఎక్కువగా వస్తాయి. 10 గడులు: అయిదు అక్షరాలు, నాలుగు అంకెలు, చివర ఒక అక్షరం. నాలుగో అక్షరం వ్యక్తికైతే 'పి', ట్రస్టుకైతే 'టి', కంపెనీకైతే 'సి'. వ్యక్తి ఇచ్చిన పాన్‌లో నాలుగో అక్షరం 'పి' కాకపోతే ఎక్కడో తప్పు రాశారన్నమాట. సున్నాకూ 'ఓ' అక్షరానికీ తేడా కూడా చూడండి.

పేరు దగ్గర మన తెలుగువాళ్ల చిక్కు ఒకటుంది. మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. పాన్ ఫారంలో కొందరు ఇంటిపేరును చివరి పేరుగా రాశారు, కొందరు సొంత పేరునే చివరి పేరుగా రాశారు. కాబట్టి కార్డు మీద ఉన్నదే మీ రిజిస్టర్లోకి ఎక్కాలి. దాని పక్కనే 'పిలుపు పేరు' అని ఇంకో గడి పెట్టండి. ఎందుకంటే మెసేజ్‌లు పంపే సాఫ్ట్‌వేర్ మొదటి మాటనే పేరనుకుంటుంది. కె. సత్యవతి గారికి 'ప్రియమైన కె గారికి' అని పోతుంది. పదివేలు ఇచ్చిన పెద్దావిడను 'కె గారు' అని పిలిస్తే ఆమెకు మనమీద ఏం గౌరవం మిగులుతుంది? పిలుపు పేరు గడిలో 'సత్యవతి గారు' అనో, 'మాస్టారు' అనో, 'డాక్టరు గారు' అనో, వారిని మీ ఊళ్లో ఎలా పిలుస్తారో అలా రాసుకోండి.

పేరు, చిరునామా లేని డబ్బుకు ఇంకో నష్టం కూడా ఉంది, దీన్ని చాలామంది ఎరగరు. ఇచ్చినవారి పేరు, చిరునామా మీ దగ్గర రాసి లేకపోతే చట్టం దృష్టిలో అది అజ్ఞాత విరాళం. ఏడాది మొత్తం విరాళాల్లో 5 శాతం, లేదా రూ.లక్ష, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అంతవరకు పర్వాలేదు. దాటిన దాని మీద 30 శాతం పన్ను. ఉదాహరణకు మీకు ఏడాదికి రూ.12 లక్షలు వచ్చాయి. 5 శాతం అంటే రూ.60 వేలు, కాబట్టి రూ.లక్ష హద్దు. పేరు తెలియని యూపీఐ డబ్బు రూ.1.80 లక్షలుంటే రూ.80 వేల మీద రూ.24 వేలు పన్ను, సెస్సు అదనం. వృద్ధాశ్రమంలో నెల బియ్యం ఖర్చు అది! పూర్తిగా మతపరమైన ట్రస్టులకు ఈ నిబంధన వర్తించదు కానీ ఇక్కడున్న మనలో ఎక్కువమందికి వర్తిస్తుంది. స్టేట్‌మెంటులో సగం పేరు, యూపీఐ ఐడీ కనబడుతున్నాయి కదా అని ధీమాగా ఉండకండి, చిరునామా అందులో ఉండదు.

ఇక రసీదు, పన్ను సంగతి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు, సెక్షన్ల నంబర్లు మారాయి. అందరికీ అలవాటైన పాత పేర్లతోనే చెబుతాను, కొత్త నంబర్లు మీ ఆడిటరు దగ్గర రాసుకోండి. నగదుగా ఇచ్చింది రూ.2,000 దాటితే 80జి మినహాయింపు రాదు, ఫోన్లో ఇస్తే వస్తుంది. దాతకు ఇది ముందే చెప్పండి. ఏడాదిలో విరాళాలిచ్చిన వారి జాబితాను 10బీడీ ఫారంలో మే 31లోగా దాఖలు చేయాలి, దాని నుంచి తయారయ్యే 10బీఈ సర్టిఫికెట్ ప్రతి దాతకూ అందించాలి. దాతకు మినహాయింపు దక్కేది ఆ సర్టిఫికెట్ వల్లే, మనం ఇచ్చే రంగుల రసీదు వల్ల కాదు. ఆలస్యమైతే రోజుకు రూ.200 ఫీజు. ఏప్రిల్, మే నెలల్లో కూర్చుని ఏడాది స్క్రీన్‌షాట్లన్నీ వెతికే పని పెట్టుకోకండి. ప్రతి శనివారం సాయంత్రం అరగంట, స్టేట్‌మెంటు ఒక పక్క, వాట్సాప్ ఒక పక్క పెట్టుకుని జత చేయండి. జత కుదరని వరసలకు ఎర్ర రంగు వేయండి. వారం తిరక్కముందు అడిగితే ఎవరిచ్చారో తేలుతుంది, ఆరు నెలలయ్యాక తేలదు.

దాతలతో ఒక నిజం దాచకండి. 80జి మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవారికే. 2023-24 నుంచి కొత్త విధానమే డిఫాల్ట్, అందులో ఈ మినహాయింపు లేదు. 'పన్ను మిగులుతుంది' అని అందరికీ ఒకే మెసేజ్ కొడితే, తర్వాత ఆడిటరు దగ్గర తెలుసుకుని మనం అబద్ధం చెప్పామనుకుంటారు. 'పాత విధానం ఎంచుకున్నవారికి' అన్న మాట తప్పక చేర్చండి.

పేమెంట్ గేట్‌వే, అంటే ఆన్‌లైన్‌లో కార్డుల డబ్బు వసూలు చేసిపెట్టే కంపెనీ సేవ, వాడేవారికి ఒక లెక్క. కార్డుతో రూ.5,000 వచ్చింది. గేట్‌వే 2 శాతం అంటే రూ.100, దాని మీద 18 శాతం జీఎస్టీ రూ.18 పట్టుకుని, బ్యాంకులో రూ.4,882 వేస్తుంది. రసీదు రూ.5,000కే ఇవ్వాలి. పుస్తకంలో విరాళం రూ.5,000, బ్యాంకు చార్జీలు రూ.118 అని రాయాలి. రూ.4,882కు రసీదు ఇచ్చిన సంస్థలున్నాయి, దాత నొచ్చుకోవడం సహజం.

నెలనెలా ఇచ్చేవారి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఆశ్రమం నడిచేది వాళ్ల మీదే. పండగకు వచ్చిన రూ.50 వేలు సంతోషమే. కానీ నెలకు రూ.300 ఇచ్చే 100 మంది ఉంటే వంట గదికి ధైర్యం. దీనికి యూపీఐ ఆటోపే ఉంది, 2020 జూలైలో వచ్చింది. దాత ఒకసారి పిన్ కొట్టి అనుమతిస్తే రూ.15 వేల వరకు నెలనెలా తనంతట తానే కట్ అవుతుంది. 24 గంటల ముందు దాతకు సమాచారం వెళ్లాలి, అది రిజర్వు బ్యాంకు నిబంధన. దాత ఎప్పుడైనా తన యాప్‌లోనే ఆపేసుకోవచ్చు. ఈ చివరి మాట మీరే ముందుగా చెప్పండి. 'ఎప్పుడంటే అప్పుడు ఆపుకోవచ్చండి' అంటేనే మొదలుపెట్టే ధైర్యం వస్తుంది.

ఆటోపే ఎక్కువగా ఫెయిలయ్యేది ఖాతాలో డబ్బు లేకనే. నెల 25న పెట్టారంటే సగం పోతాయి. జీతాలు, పెన్షన్లు పడ్డాక, ఇంటి అద్దె, ఈఎంఐలు లాగేయకముందు ఉన్న సందు చూడాలి. ఎక్కువమందికి 3 నుంచి 6వ తేదీ లోపు సరిపోతుంది, అయినా దాతనే అడిగి పెట్టడం మేలు. ఫెయిలైతే గేట్‌వే కొన్నిసార్లు మళ్లీ ప్రయత్నిస్తుంది, అదీ కుదరకపోతే ఆ నెల పోయినట్టే. అప్పుడు 'మీ చెల్లింపు విఫలమైంది' అని యంత్రం భాషలో మెసేజ్ పంపకండి. అది అప్పులవాడి గొంతు. ఫోన్ చేయండి. 'బాగున్నారా అండీ? ఈ నెల బ్యాంకు దగ్గర ఏదో ఆగినట్టుంది, వీలైనప్పుడు చూడండి, తొందరేం లేదు.' అంతే. వరసగా రెండు నెలలు ఆగితే ఇంట్లో ఏదైనా కష్టం వచ్చిందేమోనని అడగండి. బ్యాంకు మారారేమో, ఉద్యోగం పోయిందేమో, ఆసుపత్రిలో ఉన్నారేమో. మనకు ఇన్నాళ్లు అన్నం పెట్టిన మనిషి కదా.

మెసేజ్‌ల విషయంలో మూడు దారులున్నాయి. వాట్సాప్ గ్రూపు పెట్టి దాతలందరినీ అందులో వేయడం అన్నింటికన్నా చెడ్డ దారి. ఒకరి నంబరు అందరికీ కనబడుతుంది, ఉదయం నుంచి శుభోదయం బొమ్మలు, ఎన్నికలొస్తే తగాదాలు. మంచి దాతలు చడీచప్పుడు లేకుండా తప్పుకుంటారు. బ్రాడ్‌కాస్ట్ జాబితా మేలు, ఒకే మెసేజ్ ఒక్కొక్కరికీ విడిగా వెళుతుంది. ఒక జాబితాలో 256 మంది వరకు. కానీ వాళ్ల ఫోన్‌లో మీ నంబరు సేవ్ అయి ఉంటేనే మెసేజ్ చేరుతుంది. అందుకే మొదటి రసీదుతోపాటు 'ఈ నంబరును మీ ఫోన్‌లో ఆశ్రమం పేరుతో దాచుకోండి' అని అడగాలి. దాతలు వేలల్లో ఉంటే వాట్సాప్ బిజినెస్ ఏపీఐ (సాఫ్ట్‌వేర్ ద్వారా వేలమందికి మెసేజ్‌లు పంపే సేవ) తీసుకోవచ్చు. దానికి ముందే ఆమోదం పొందిన నమూనా మెసేజ్‌లు కావాలి, మెసేజ్‌కు ఇంత అని చార్జీ ఉంటుంది. అడగకుండా పంపితే జనం బ్లాక్ చేస్తారు, బ్లాకులు పెరిగితే మీ నంబరు మీద ఆంక్షలు పడతాయి. 500 మంది లోపు దాతలుంటే దాని జోలికి వెళ్లకండి.

ఎస్సెమ్మెస్ ఇంకా చావలేదు, నెట్ లేని ఫోన్‌కు అదే దిక్కు. అయితే సంస్థ పేరుతో పంపాలంటే టెలికాం కంపెనీల డీఎల్‌టీ అనే నమోదు పోర్టల్‌లో సంస్థను, పంపే పేరును, మెసేజ్ పాఠాన్ని ముందే నమోదు చేయాలి. నమోదు చేసిన పాఠానికి ఒక్క మాట తేడా ఉన్నా మెసేజ్ మధ్యలోనే ఆగిపోతుంది. అందులో లింకు ఉంటే ఆ లింకు కూడా నమోదై ఉండాలి. తెలుగులో పంపితే ఇంకో లెక్క. ఇంగ్లిషు అక్షరాల్లో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 గుర్తులు పడతాయి, తెలుగులో 70 మాత్రమే. అదీ మనం లెక్కపెట్టే అక్షరాలు కావు. గుణింతం గుర్తు ఒకటి, పొల్లు ఒకటి, వత్తు ఒకటిగా లెక్క. 'కృతజ్ఞతలు' కంటికి అయిదు అక్షరాలు, ఫోన్ లెక్కలో 9. 70 దాటితే ముక్కకు 67 చొప్పున విరుగుతుంది. 140 గుర్తుల తెలుగు మెసేజ్‌కు మూడింటి డబ్బు కట్టాలి. అయినా తెలుగులోనే పంపండని నా సలహా. తెలుగు మాటల్ని ఇంగ్లిషు అక్షరాల్లో చదవడం పెద్దవాళ్లకు యాతన. మాటలు తగ్గించండి, భాష మార్చకండి.

విరాళం అందిన రోజే ధన్యవాదాలు వెళ్లాలి. నెల లోపల ఆ డబ్బుతో ఏం జరిగిందో ఒక ఫొటో, రెండు వాక్యాలు వెళ్లాలి. ఈ మధ్యలో మళ్లీ అడగకూడదు. అడిగిన ప్రతిసారికీ ముందు, ఏమీ అడగని కబురు రెండు సార్లయినా వెళ్లి ఉండాలి. ఫొటోల దగ్గర జాగ్రత్త. సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టడం బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం. ముఖాలు వద్దు. కొత్త పలకలు, వరసగా పెట్టిన చెప్పులు, అన్నం వడ్డించే చేతులు చాలు. తింటున్న పిల్లాడి ముఖం ముందు దాత పేరున్న పలక పెట్టి ఫొటో తీసే అలవాటు మానుకోవాలి. ఆ పిల్లాడు రేపు పెద్దవాడవుతాడు.

ఇప్పుడు మన ప్రాంతానికే ప్రత్యేకమైన సంగతి. మన దగ్గర విరాళాల్లో పెద్ద వాటా సందర్భాలది: అమ్మానాన్నల సంవత్సరీకాలు, పిల్లల పుట్టినరోజులు, పెళ్లిరోజులు. 'ఒక పూట భోజనం ఇంత' అని ప్రతి ఆశ్రమం బోర్డు పెట్టింది. పుట్టినరోజును ఫోన్ క్యాలెండర్ గుర్తుచేస్తుంది. సంవత్సరీకం చాలా ఇళ్లలో తిథి ప్రకారం చేస్తారు, ఆ తిథి ఏటా వేరే తేదీన వస్తుంది. పోయినేడు తేదీకి మెసేజ్ పంపితే, ఇంట్లో తద్దినం పది రోజుల కిందటే అయిపోయి ఉండొచ్చు. కాబట్టి రిజిస్టర్లో తేదీకి బదులు మూడు గడులు పెట్టండి: మాసం, పక్షం, తిథి. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే ఒక రోజు కూర్చుని ఏడాదికి సరిపడా తేదీలు వేసి ఫోన్ క్యాలెండర్లో ఎక్కించండి, ఒక్కొక్కదానికి 12 రోజుల ముందు గుర్తుచేసేలా. అధిక మాసం వచ్చిన ఏడాది మరీ జాగ్రత్త. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది. జ్యేష్ఠంలో తిథి ఉన్నవారిని, అధిక జ్యేష్ఠంలో చేస్తున్నారా, నిజ జ్యేష్ఠంలోనా అని అడిగి రాసుకోండి, ఇంటింటికీ ఆచారం వేరు. దాత అమెరికాలో ఉంటే అక్కడి పంచాంగం ప్రకారం తిథి ఒక రోజు అటూ ఇటూ అవుతుంది. భోజనం పెట్టేది ఇక్కడ కాబట్టి ఏ రోజు పెట్టాలో వారినే అడగాలి.

ఆ రోజు వడ్డన అయ్యాక ఫొటో కన్నా ఫోన్ మేలు. వృద్ధాశ్రమంలో మాట్లాడగలిగిన ఒక పెద్దాయన, ఆయనకు ఇష్టమైతేనే, 'మీ నాన్నగారి పేరు చెప్పుకుని భోంచేశామమ్మా' అని ఒక్క మాట అంటే ఆ కుటుంబం మిమ్మల్ని మరిచిపోదు. బలవంతంగా మాత్రం అనిపించకండి. దాత కన్నుమూశారని తెలిసిన రోజే జాబితాలో మార్చండి. పోయిన మనిషికి పుట్టినరోజు శుభాకాంక్షలు వెళితే ఆ ఇంట్లోవాళ్లు ఎంత బాధపడతారో ఆలోచించండి.

విదేశాల్లో ఉన్న మనవాళ్ల విరాళాలు ఇంకో పెద్ద విషయం. ఇందులో తప్పు చేస్తే సంస్థ ఉనికికే ప్రమాదం. ఎక్కడ ఉంటున్నారన్నది కాదు ప్రశ్న, ఏ పాస్‌పోర్టు ఉందన్నది. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత డబ్బును బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే కార్డు) ఉన్నవారు ఇస్తే మాత్రం విదేశీ విరాళమే. దాన్ని తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ లేదా ముందస్తు అనుమతి ఉండాలి, డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ప్రత్యేక ఖాతాకే రావాలి. ఫోన్ దీన్ని ఇంకా జటిలం చేసింది. 2023 నుంచి అమెరికా, బ్రిటన్, యూఏఈ, సింగపూర్ లాంటి కొన్ని దేశాల నంబర్లతోనూ ఇక్కడి ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాల (విదేశాల్లో ఉండేవారి బ్యాంకు ఖాతాలు) మీద యూపీఐ నడుస్తోంది. అంటే మీ గోడ మీది క్యూఆర్‌ను ఓసీఐ వ్యక్తి సెలవులకు వచ్చినప్పుడు స్కాన్ చేయొచ్చు, డబ్బు మీ మామూలు ఖాతాలో పడొచ్చు, స్టేట్‌మెంటులో తేడా ఏమీ కనబడదు. అందుకే క్యూఆర్ బోర్డు మీద తెలుగులో ఒక వరస: 'ఈ ఖాతాకు భారత పౌరులు మాత్రమే పంపండి.' వాట్సాప్‌లో అడిగే ప్రశ్నల్లో కూడా, నంబరు విదేశాలదైతే, పౌరసత్వం అడగండి. ఎఫ్‌సీఆర్ఏ ఉన్న వేరే సంస్థ ద్వారా తెప్పించుకుందామనే ఆలోచన కూడా కుదరదు, 2020 సవరణ తర్వాత ఆ డబ్బును మరొకరికి బదిలీ చేయకూడదు.

స్మార్ట్‌ఫోన్ లేనివారిని వదిలేయకండి. మామూలు ఫోన్‌తో చెల్లించడానికి యూపీఐ 123పే 2022 మార్చిలో వచ్చింది. వాడేవారు తక్కువే. కానీ అంత శ్రమ తీసుకుని ఇచ్చేవారికి రసీదు ఇంటికి తీసుకెళ్లి ఇవ్వాలి. మిస్డ్ కాల్ నంబరు కూడా పనికొస్తుంది, డబ్బు కోసం కాదు, పరిచయం కోసం. సభలో 'ఈ నంబరుకు మిస్డ్ కాల్ ఇవ్వండి, రేపు మేమే ఫోన్ చేస్తాం' అంటే చాలు. మరునాడు చేయకపోతే మాత్రం ఆ నంబర్లు వృథా. 2010లో హైతీ భూకంపం తర్వాత అమెరికన్ రెడ్‌క్రాస్‌కు ఒక్క ఎస్సెమ్మెస్ పెడితే ఫోన్ బిల్లులో 10 డాలర్లు చేరే పద్ధతిలో 3 కోట్ల 20 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. ఫోన్‌కు ఎంత శక్తి ఉందో ప్రపంచానికి తెలిసింది అప్పుడే. ఆ దారిలో దాత ఎవరో సంస్థకు పెద్దగా తెలిసేది కాదు. మన యూపీఐలో డబ్బు వెంటనే చేరుతుంది, అడిగితే పేరూ దొరుకుతుంది. అడగడమే మిగిలింది.

చివరగా కాపలా. గోడ మీది క్యూఆర్ మీద ఎవరో తమ స్టిక్కరు అంటించిపోతారు. సోమవారం సోమవారం మీరే స్కాన్ చేసి రూపాయి పంపి చూడండి. డబ్బు రావడానికి పిన్ కొట్టాలని ఎవరన్నా అంటే అది మోసం, ఫోన్ పెట్టేయండి. పోయిందనుకుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: పాన్ అడిగితే దాతలు జంకుతున్నారండి. ఏం చేయాలి?

జంకడంలో తప్పు లేదు, మోసాలు అలా ఉన్నాయి. ఎందుకు అడుగుతున్నామో ఒక వాక్యంలో చెప్పండి: 'మీ పేరున పన్ను సర్టిఫికెట్ రావడానికి.' కార్డు ఫొటో అడగకండి, నంబరు చాలు. వచ్చిన నంబరును రిజిస్టర్లో ఎక్కించి ఫోన్‌లో మెసేజ్ చెరిపేయండి. అయినా ఇవ్వనంటే పేరు, చిరునామా తీసుకోండి. మినహాయింపు వారికి రాకపోవచ్చు, మీకు మాత్రం అది అజ్ఞాత విరాళం కాకుండా ఉంటుంది.

ప్రశ్న: అబ్బాయి అమెరికా పౌరుడు. గుంటూరులో ఉన్న తండ్రి ఖాతాకు డబ్బు పంపి, తండ్రి చేత మాకు ఇప్పిస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ లేకుండా తీసుకోకూడదు. విదేశీ మూలం నుంచి వచ్చిన డబ్బు ఒకరిద్దరి చేతులు మారి వచ్చినా విదేశీ విరాళమేనని చట్టంలోనే వివరణ ఉంది. తండ్రి తన పెన్షన్‌లో నుంచి తన ఇష్టంతో ఇస్తే అది ఆయన విరాళం, ఇబ్బంది లేదు. అబ్బాయికి సాయం చేయాలనే ఉంటే సెలవులకు వచ్చినప్పుడు రెండు రోజులు మీ పిల్లలకు పాఠం చెప్పమనండి, దానికి ఎఫ్‌సీఆర్ఏ అనుమతి అక్కర్లేదు.

ప్రశ్న: ఒకాయన పొరపాటున రెండుసార్లు కొట్టానంటున్నారు. వెనక్కి పంపాలా?

ముందు స్టేట్‌మెంటులో రెండు యూటీఆర్‌లు పడ్డాయో లేదో చూడండి. దాత ఖాతాలో కట్ అయి మీకు చేరకపోతే, మర్చంట్ చెల్లింపైతే అయిదు రోజుల్లో బ్యాంకే వెనక్కి వేయాలి, ఆలస్యమైతే రోజుకు రూ.100 దాతకు ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. రెండూ మీకే చేరి ఉంటే, దాతతో వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడిగించుకుని, రెండో రసీదు రద్దు చేసి, వచ్చిన ఖాతాకే తిరిగి పంపండి. 'ఆ ఖాతా పనిచేయడం లేదు, ఈ కొత్త నంబరుకు వేయండి' అంటే మాత్రం పంపకండి. దొంగిలించిన డబ్బును సేవాసంస్థ ఖాతా గుండా తిప్పే పద్ధతి అదే, తర్వాత ఫ్రీజ్ అయ్యేది మీ ఖాతా. అలాంటి ఫోన్ వస్తే డబ్బు కదపకుండా, అదే రోజు మీ బ్యాంకు శాఖకు లిఖితపూర్వకంగా తెలియజేసి, అందిన ముద్ర వేయించుకున్న కాపీ ఫైల్లో పెట్టుకోండి.